రెండువైపులా అద్దమున్న భారీ సోలార్ ప్యానెళ్లు: వాట్లు చూసి మోసపోవద్దు

ఇప్పటి ప్యానెళ్లలో ఎండను కరెంటుగా మార్చే సెల్‌ని తప్పుపట్టాల్సింది తక్కువ. ఎన్‌-టైప్ టాప్‌కాన్ అనే కొత్త తరం సెల్ రకాలకు మొదటి ఏడాది 1 శాతం, ఆపైన ఏటా 0.4 శాతం మించి ఉత్పత్తి తగ్గదని కంపెనీలు రాసిస్తున్నాయి. పేచీ అంతా సెల్ చుట్టూ ఉన్న సరుకుతోనే.

పాత ప్యానెల్‌కి ముందు 3.2 మి.మీ. టెంపర్డ్ (వేడిచేసి చప్పున చల్లార్చి గట్టిపరిచిన) గాజు, వెనక ప్లాస్టిక్ బ్యాక్‌షీట్ ఉండేవి. ఇప్పుడు రెండువైపులా 2 మి.మీ. గాజే. అంత పల్చటి గాజును పూర్తిగా టెంపర్ చేయడం కష్టం కాబట్టి కొంతమేర గట్టిపరిచి వదిలేస్తారు. మరోపక్క 700 వాట్ల ప్యానెల్ దాదాపు 2.4 మీటర్ల పొడవు, 1.3 మీటర్ల వెడల్పు, 38 కిలోల బరువుకు చేరింది. ఒకప్పుడు 40 మి.మీ. ఉన్న ఫ్రేమ్ మాత్రం 30, 35కి దిగింది. రాయి తగలకపోయినా గాజు పగులుతోందంటే ఆశ్చర్యమేముంది?

పగులు ఎక్కువగా ప్యానెల్‌ని పట్టి ఉంచే క్లాంప్ అంచునో, వెనక గాజుకు జంక్షన్ బాక్స్ వైర్ల కోసం వేసిన రంధ్రం దగ్గరో మొదలవుతుంది. టెంపర్డ్ గాజులా పొడిపొడి కాదు, సన్నటి గీతలా సాగుతుంది. వెనకనుంచి చూస్తే తప్ప దొరకదు. తేమ లోపలికి దిగాక వాన కురిసిన ఉదయాల్లో ఇన్వర్టర్ ‘ఇన్సులేషన్ ఫాల్ట్’ (కరెంటు లీకవుతోందన్న హెచ్చరిక) చూపించి ఆగుతుంది, ఎండెక్కాక తనంతట తానే పనిచేస్తుంది. దాన్ని ఇన్వర్టర్ జబ్బనుకుని మార్చేవాళ్లున్నారు!

డేటాషీట్‌లో కనిపించే 5400 పాస్కల్స్ (ఒత్తిడికి కొలత) పరీక్షలో పెట్టిన భారం. భద్రత కోసం 1.5తో భాగిస్తే వచ్చే 3600 అసలు లెక్క. అదీ మాన్యువల్ చెప్పిన చోట క్లాంప్ బిగిస్తేనే. పొట్టి అంచున పట్టిస్తే ఇంకా తగ్గుతుంది. బోల్టులు చెప్పినంత బలంతోనే బిగించే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. బిగించాక ఫొటోలు తీసిపెట్టుకోండి, గాజు పగిలితే కంపెనీ మొదట అనేమాట ‘బిగింపు సరిగా లేదు’ అని. 30 ఏళ్ల హామీ ఉత్పత్తికే; వస్తువుకిచ్చే వారంటీ చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు.

ప్యానెళ్ల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61215 ముద్ర ఉండి తీరాలి, కానీ అది తొలినాళ్లలో చెడిపోయే సరుకును పట్టే పరీక్ష: మైనస్ 40 నుంచి 85 డిగ్రీల మధ్య 200 చక్రాలు, 85 డిగ్రీలు 85 శాతం తేమలో 1000 గంటలు. పాతికేళ్లకు పూచీ కాదు. పైగా ముద్ర ఒక నిర్దిష్ట ముడిసరుకుల జాబితాకే వర్తిస్తుంది. అదే మోడల్ నంబరుపై వేరే ఎన్‌క్యాప్సులెంట్ (సెల్‌ను గాజుకు అతికించే పొర) వాడారేమో సీరియల్ నంబరు ఇచ్చి అడగండి.

ప్యానెళ్ల వైర్లను కలిపే కనెక్టర్ల సంగతి మరీ అన్యాయం. వేర్వేరు కంపెనీల ఎంసీ4 తరహా కనెక్టర్లు ఒకదానిలో ఒకటి దూరతాయి గానీ లోపలి స్పర్శ సరిగా కుదరక వేడెక్కి కాలిపోతాయి. జత రెండూ ఒకే కంపెనీవి కావాలి, పిన్నును వైరుకు క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కాలి, కటింగ్ ప్లేయర్‌తో కాదు.

నీడ పడ్డ సెళ్లను తప్పించి కరెంటును పంపే బైపాస్ డయోడ్లు ప్యానెల్‌కి మూడుంటాయి. ఎండలో 39 వోల్టులు చూపాల్సిన ప్యానెల్, స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్లు) నుంచి విడదీశాక 26 చూపిస్తే ఒక డయోడ్ షార్ట్ అయినట్టే.

ఇంటి కప్పుకైతే 430–450 వాట్ల రకమే తీసుకోవాలి: సుమారు 1.76 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు. ఇద్దరు మోయగలరు, గాజుపై ఒత్తిడీ తక్కువ. 600 వాట్లు దాటినవి నేలమీది పెద్ద ప్లాంట్లకు వదిలేయండి.