కొలోసియం కాకుండా రోమ్‌లో రెండు రోజులు: తొలి సైనికుల జాడ వెతుక్కుంటూ

రోమ్ అనగానే అందరూ కొలోసియం టికెట్ల గురించే అడుగుతారు. నేనూ మా తమ్ముడూ రెండు రోజుల పాటు అటు వైపు వెళ్లనే లేదు. అది కట్టడానికి ఐదారు వందల ఏళ్ల ముందు రోమన్లు ఎలా యుద్ధం చేసేవారో చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

టెర్మిని స్టేషన్ దగ్గర ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. రూమ్ శుభ్రంగానే ఉంది కానీ నాలుగో అంతస్తు. లిఫ్ట్ లేదన్న మాట బుకింగ్‌లో ఎక్కడా చెప్పలేదు. సిటీ టాక్స్ విడిగా కట్టాలి, ముందే లెక్కలో వేసుకోండి. అయినా మళ్లీ వెళ్తే ఆ ఏరియాలోనే ఉంటాను, ఎందుకంటే రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కట్టించిన స్నానశాలల్లో ఉన్న మ్యూజియం స్టేషన్‌కి దగ్గరే.

నన్ను అక్కడ కదలనివ్వనిది ఒక రాయి. 1977లో సాత్రికం అనే చోట గుడి పునాదుల్లో బయటపడింది. దాదాపు క్రీ.పూ. 500 నాటిది. చెక్కినవి రెండే వరుసలు: పోప్లియోస్ వలేసియోస్ అనే నాయకుడి సహచరులు యుద్ధ దేవుడు మార్స్‌కి సమర్పించారని. రాయి మీద చెరగకుండా మిగిలిన అక్షరాల్లో రోమ్ పేరే లేదు! ఆ మనుషులు ఊరి పేరు కాదు, నాయకుడి పేరు చెప్పుకున్నారు. తొలినాళ్లలో యుద్ధమంటే ఒక పెద్ద వంశం, దాని వెంట నడిచే దండు అని చాలామంది చరిత్రకారులు అనేది ఇలాంటివి చూసే. రోమ్ దగ్గరి లనూవియో ఊళ్లో 1934లో దొరికిన యోధుడి సమాధి సామాన్లు కూడా ఇక్కడే ఉన్నాయి. శిరస్త్రాణానికి కళ్లు పొదిగారు, పక్కన కంచు కవచం. ఆటల డిస్కస్ కూడా పెట్టి పూడ్చారు. డబ్బున్న దొర అని చూడగానే తెలుస్తుంది.

మర్నాడు మెట్రోలో ఫ్లామినియో దాకా వెళ్లి, అక్కడి నుంచి నడిచి విల్లా జూలియా చేరాం. రోమ్‌కి ఉత్తరాన ఉండిన పాత ఇరుగుపొరుగు జాతి ఎట్రుస్కన్ల మ్యూజియం ఇది. వాళ్ల నగరం వెయీ దగ్గర దొరికిన కీజీ కూజా జానెడు కన్నా కాస్త ఎత్తు, అంతే. గ్రీకు నగరం కొరింత్‌లో చేసింది. దాని మీద గుండ్రటి డాళ్లు పట్టిన సైనికులు వరుస కట్టి ఎదురెదురుగా వస్తున్నారు. మధ్యలో ఒక కుర్రాడు తల వెనక్కి వంచి జంట పిల్లనగ్రోవి ఊదుతున్నాడు.

"అడుగులు కలవడానికా అన్నా?" అన్నాడు తమ్ముడు. నాకూ అలాగే అనిపించింది.

ఈ రకం ఆయుధాలు ఎట్రుస్కన్ల నుంచి రోమ్‌కీ వచ్చాయి. ఆస్తిని బట్టి ఎవరు ఏ ఆయుధాలు తెచ్చుకోవాలో నిర్ణయించింది రోమ్ రాజు సెర్వియస్ టులియసేనంటాడు రోమన్ చరిత్రకారుడు లివీ: మొదటి తరగతికి కంచు కవచం, గుండ్రటి డాలు; ఐదో తరగతికి వడిసెల, రాళ్లు.

సాయంత్రం టెర్మిని బయట పాత నగర ప్రాకారం, సెర్వియన్ గోడ చూశాం. పేరు ఆ రాజుదే గానీ, ఇప్పుడు కనిపించేది ఉత్తరాది నుంచి వచ్చిన గాల్ తెగల వాళ్లు ఆలియా నది దగ్గర రోమన్లను చిత్తుగా ఓడించి నగరాన్ని దోచుకున్నాక కట్టింది. రాళ్లు వెయీ గనుల్లోవి. ఆ తర్వాతి కాలంలోనే ఒకే పెద్ద వరుస పోయి చిన్న చిన్న దళాలు, పొడవాటి డాళ్లు స్థిరపడ్డాయి. ముందు కుర్రాళ్లు, వెనక నడి వయసు వాళ్లు, చివర మోకాలు వంచి ఎదురుచూసే అనుభవజ్ఞులైన ట్రియారీలు. పరిస్థితి విషమిస్తే "వ్యవహారం ట్రియారీల దాకా వచ్చింది" అనేవారట.

గోడకి టికెట్ లేదు. మ్యూజియాలు రెండూ సోమవారం మూసేస్తారు. ఒక్కరోజే ఉంటే స్నానశాలలకే వెళ్లండి, ఆ రాయి దగ్గర కాసేపు నిలబడండి.