మలేరియా పరీక్ష: స్లైడా, కిట్టా?

టైమ్: కిట్‌కి (అక్కడికక్కడే చేసే ర్యాపిడ్ టెస్ట్) వేలి చివర ఒక్క చుక్క రక్తం చాలు, 15-20 నిమిషాల్లో గీతలు కనిపిస్తాయి. స్లైడ్ అయితే గాజు పలక మీద రాసిన రక్తపు పూత ఆరాలి, పరాన్నజీవి కనబడేందుకు జీమ్సా అనే రంగు వేయాలి, ఆపైన మైక్రోస్కోప్ ముందు ఓపిగ్గా కూర్చునే మనిషి కావాలి.

శ్రమ: కిట్ కాస్త నేర్పితే ఎవరైనా చేస్తారు. స్లైడ్ అలా కాదు, కొత్తవాళ్లు రంగు మరకని చూసి పరాన్నజీవి అనుకుంటారు (నేనూ అనుకున్నాను).

సమాచారం: ఇక్కడ స్లైడ్‌దే పైచేయి. పరాన్నజీవి ఉందో లేదో మందపాటి పూతలో తెలుస్తుంది, పలచటి పూతలో ఎర్రకణం లోపల చిన్న ఉంగరంలా కూర్చున్న దాన్ని చూసి ఏ జాతో చెప్పొచ్చు, ఎన్ని ఉన్నాయో లెక్కా తేలుతుంది. కిట్‌తో ఆ లెక్క రాదు.

పొరపాటు: ఫాల్సిపారం (ఒక మలేరియా పరాన్నజీవి జాతి) కిట్లు ఎక్కువగా వెతికేది ఆ పరాన్నజీవి తయారుచేసే హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్‌ని, అది జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి రక్తంలో ఉండిపోతుంది, అందుకే కిట్ అప్పుడూ పాజిటివ్ చూపొచ్చు. పైగా కొన్ని ఫాల్సిపారం రకాల్లో ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువే ఉండదు, అవి కిట్‌కి చిక్కవు.

ల్యాబ్ దూరమైతే కిట్. పరిస్థితి విషమంగా ఉంటే కిట్‌తో ఆగకుండా స్లైడ్ కూడా. మందు పనిచేస్తోందా అని చూడాలంటే స్లైడే. వైవాక్స్ (మరో మలేరియా జాతి) తేలితే మాత్రం ప్రైమాక్విన్‌కి ముందు జీ6పీడీ టెస్ట్ అడగండి, పుట్టుకతో వచ్చే ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి ఈ మందుతో ఎర్రకణాలు చితికిపోవచ్చు.