స్క్రివెనర్‌లో పాత్రల పత్రం: కష్టానికి ఒక్క గడి చాలదు

నవల రాసేవాళ్ల కోసమే తయారైన సాఫ్ట్‌వేర్లలో స్క్రివెనర్‌కి మంచి పేరుంది. లిటరేచర్ అండ్ లాటె సంస్థ దీన్ని 2007లో మ్యాక్ కోసం విడుదల చేసింది. విండోస్‌కి 2011లో, ఐఫోన్, ఐప్యాడ్‌లకు 2016లో వచ్చింది. మూడో వెర్షన్ మ్యాక్‌కి 2017లో, విండోస్‌కి 2021లో అందింది. ఆండ్రాయిడ్‌కి లేదు. అధ్యాయాలను అటూ ఇటూ జరుపుకోవడం, చివర్లో పుస్తకంగా కూర్చుకోవడం గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఇక్కడ చూసేది ఒక్కటే: మనుషులు పడిన కష్టాలు వాళ్లను ఎలా మలిచాయో నవలలో చూపించాలనుకునే రచయితకు ఇది ఎంతవరకు సాయపడుతుంది?

కొత్త ప్రాజెక్టు తెరుస్తూ నవల టెంప్లేట్ ఎంచుకుంటే, ఎడమవైపు పత్రాల జాబితా చూపే బైండర్‌లో పాత్రలకూ స్థలాలకూ వేర్వేరు ఫోల్డర్లు కనిపిస్తాయి. అడుగున ‘టెంప్లేట్ షీట్స్’ ఫోల్డర్‌లో ‘క్యారెక్టర్ స్కెచ్’ అనే పత్రం సిద్ధంగా ఉంటుంది. పేరు కింద వరసగా కథలో స్థానం, వృత్తి, రూపం, స్వభావం, అలవాట్లు, నేపథ్యం, అంతస్సంఘర్షణ, బాహ్య సంఘర్షణ, చివర ఇతర వివరాలు. ప్రాజెక్ట్ మెనూలో ‘న్యూ ఫ్రమ్ టెంప్లేట్’ నొక్కితే ఒక్కో పాత్రకు ఒక్కో ప్రతి తయారవుతుంది.

చూడటానికి అన్నీ ఉన్నట్టే ఉంటాయి. చిక్కు వరుసలో ఉంది. స్వభావం ముందు, నేపథ్యం తర్వాత. స్వభావం గడిలో ‘కోపిష్టి’ అని రాసేశాక, నేపథ్యం దగ్గరికొచ్చేసరికి ఆ కోపానికి సరిపోయే కష్టం కోసం వెతుకులాట మొదలవుతుంది. కొట్టే తండ్రి దొరుకుతాడు. ‘ముభావి’ అని రాస్తే చిన్నప్పుడే చనిపోయిన తల్లి దొరుకుతుంది. ఇలా పుట్టిన పాత్రను పాఠకుడు రెండో అధ్యాయంలోనే పసిగడతాడు, ఎందుకంటే అక్కడ కష్టం మనిషిని మలచలేదు, ముందే మలిచి పెట్టిన మనిషికి సంజాయిషీగా వచ్చి చేరింది. పైగా అలవాట్లకు ఒక గడి, నేపథ్యానికి మరో గడి. ఏ అనుభవం ఏ అలవాటుగా మిగిలిందో రాసుకునే చోటే లేదు. పాత్రచిత్రణలో అసలు పనంతా ఆ రెండింటి మధ్యనే జరుగుతుంది.

ఒకే దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. ఒకే ఇంట్లో ఆకలి ఎరిగిన ఇద్దరు పిల్లల్లో ఒకడు పెద్దయ్యాక తిండి దాచుకుంటాడు, ఇంకొకడు ఎదుటివాళ్ల కంచం ఖాళీ కాకముందే మళ్లీ వడ్డిస్తాడు. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో రచయితకు తెలియాలి: అప్పుడు వాళ్ల వయసెంత, ఆ పరిస్థితి ఎంతకాలం సాగింది, పక్కన ఎవరున్నారు, తప్పు ఎవరి మీద పడింది, వాళ్లు చేయగలిగింది ఏమైనా ఉందా. చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఏదో ఒకటి చేయగలిగినవాడికీ, చూస్తూ నిలబడాల్సి వచ్చినవాడికీ ఆ తర్వాతి జీవితం చాలా వేరుగా ఉంటుంది. మొదటివాడు ప్రతి చోటా తనే ముందుకు దూకుతుంటాడు. రెండోవాడు జరగబోయేది ముందే గ్రహించి అక్కడినుంచి తప్పుకుంటుంటాడు.

స్క్రివెనర్‌లో మెచ్చుకోవాల్సింది, ఈ పత్రాన్ని మనకు కావలసినట్టు తిరగరాసుకోవచ్చు. టెంప్లేట్ షీట్స్‌లో ఉన్న మూల పత్రాన్ని తెరిచి గడులు మార్చేయడమే. ఖాళీ ప్రాజెక్టుతో మొదలుపెట్టినవాళ్లు ముందుగా ఒక ఫోల్డర్ సృష్టించి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోని ‘స్పెషల్ ఫోల్డర్స్’ దగ్గర దాన్ని టెంప్లేట్ల ఫోల్డర్‌గా ఎంచుకోవాలి. ఒక జాగ్రత్త: మూల పత్రంలో చేసిన మార్పులు అప్పటికే తయారైన పాత్రల పత్రాల్లోకి వెళ్లవు. అందుకే ముందు ఒక్క పాత్రతో నింపి చూసి, గడులు కుదిరాయని తేలాకే మిగతావాళ్లకు తెరవాలి.

గడులు ఇలా పెట్టుకుంటే పని జరుగుతుంది. ఏం జరిగింది, ఏ వయసులో: రెండు వాక్యాలకు మించకుండా. ఎంతకాలం, పక్కన ఎవరు. అప్పుడు నేర్చుకున్న నియమం: పాత్ర తన నోటితో చెప్పినట్టు ఒకే వాక్యం. ఆ నియమం ఇప్పుడు ఎక్కడ పనికొస్తోంది. ఎక్కడ నష్టం చేస్తోంది. ఒంట్లో, మాటలో, చేతల్లో మిగిలిన గుర్తు. ఎవరికీ చెప్పని సంగతి. స్వభావం అనే గడి తీసేయాలి. ఇవన్నీ నిండాక స్వభావం దానంతటదే కనబడుతుంది. కనబడకపోతే నియమం గడి ఇంకా గట్టిపడలేదన్నమాట.

ఉదాహరణకు, తండ్రి అప్పుల్లో కూరుకుపోయిన ఒక స్త్రీ పాత్ర. తొమ్మిదేళ్ల వయసునుంచి పదిహేను వరకు, అప్పులవాళ్లు వచ్చినప్పుడల్లా తలుపు తీసి “నాన్న ఇంట్లో లేరు” అని చెప్పే పని ఆమెది. పక్కన ఎవరూ లేరు, తల్లి లోపలి గదిలో ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. నేర్చుకున్న నియమం: “నా ముఖం మారకపోతే ఇంట్లోవాళ్లు బతుకుతారు.” ఇప్పుడు పనికొస్తున్న చోటు ఉద్యోగం. అరుస్తూ వచ్చిన మనిషి ముందు ఆమె ఒక్కతే నిలకడగా మాట్లాడగలదు. నష్టం చేస్తున్న చోటు కాపురం. ఆమె నిజం చెప్పినా అదే ముఖం కావడంతో భర్తకు తేడా తెలియదు. మిగిలిన గుర్తు: తలుపు చప్పుడైతే ముందు చెప్పులవైపు చూస్తుంది, ఎవరివి బయట ఉన్నాయో లెక్కపెట్టుకోవడానికి. చెప్పని సంగతి: ఒకసారి ఆమే నోరుజారింది, ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో ఆమెకు తెలుసు.

ఇందులో ‘ధైర్యవంతురాలు’, ‘అబద్ధాలకోరు’ అన్న మాటలు ఎక్కడా లేవు, ఆ గుణాలు మాత్రం రెండూ ఉన్నాయి. ఒకే నియమం ఒకచోట బలంగానూ మరోచోట లోపంగానూ పనిచేస్తే ఆ పాత్రకు కథ దొరికినట్టే. ఆమె కూతురు ఏదో ఫోను వచ్చినప్పుడు “అమ్మ లేదని చెప్పనా?” అని అడిగే సన్నివేశం వేరే ప్రయత్నం లేకుండానే పుట్టుకొస్తుంది.

కష్టం మనిషికి ఇచ్చేది గాయం ఒక్కటే కాదన్న సంగతి కూడా పత్రంలో చోటుచేసుకోవాలి. రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హూన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1996లో, పెద్ద దెబ్బ తర్వాత మనుషుల్లో వచ్చే ఎదుగుదలను కొలవడానికి 21 అంశాల ప్రమాణం ఒకటి ప్రచురించారు. అందులో ఐదు కోణాలు: ఇతరులతో సంబంధాలు, కొత్త అవకాశాలు, తనలో తాను గుర్తించిన బలం, ఆధ్యాత్మికమైన మార్పు, బతుకు విలువ తెలియడం. రచయితకు పనికొచ్చేదేమిటంటే, ఈ ఎదుగుదల వచ్చినంత మాత్రాన బాధ పోవాలని లేదు, రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండగలవు. నవలలో మూడో వంతు దగ్గర కష్టపడి, చివరికొచ్చేసరికి పూర్తిగా కోలుకుని, అందరికీ బుద్ధులు చెప్పే పాత్రలు నిలబడకపోవడానికి కారణం అక్కడుంది. ఐదింటిలో ఒకటి, మహా అయితే రెండు కోణాల్లో ఎదగనివ్వండి. మిగతావి అలాగే ఉండనివ్వండి, ఒకటి కుంచించుకుపోయినా పరవాలేదు.

పత్రం నింపాక మొదలయ్యే ప్రమాదం ఒకటుంది. పది పేజీల గతం చేతిలో ఉంటే దాన్ని ఎక్కడో ఒకచోట గుమ్మరించాలనిపిస్తుంది, రెండో అధ్యాయం దానికి బలైపోతుంది. గతాన్ని పాఠకుడు వివరణగా వినక్కర్లేదు, పాత్ర చూపులో చూస్తే చాలు. అప్పుల ఇంట్లో పెరిగినామె ఒక గదిలోకి వెళ్తే ముందు చూసేది బయటికి దారి. ఎత్తుకెళ్లడానికి వీలయ్యే వస్తువులు ఏవో కూడా ఆమె కంటికి వెంటనే తడతాయి. సుఖంగా పెరిగినవాడు అదే గదిలో గోడ రంగు చూస్తాడు. ఈ పని కోసం స్క్రివెనర్‌లో తెరను రెండుగా చీల్చి, ఒక పక్క పాత్ర పత్రం, మరో పక్క సన్నివేశం పెట్టుకోవచ్చు. లేదా సన్నివేశం తాలూకు ఇన్‌స్పెక్టర్ అనే పక్క పట్టీలోని బుక్‌మార్క్‌లలోకి పాత్ర పత్రాన్ని లాగి పడేస్తే, రాస్తున్నంతసేపూ కుడిపక్క కనిపిస్తుంది. రెండో పద్ధతే మేలు. చిన్న కిటికీలో ఒకటి రెండు గడులే కనబడటంతో, మొత్తం ఎత్తిరాయాలన్న ఆశ తగ్గుతుంది.

ఈ సాఫ్ట్‌వేర్ నిజంగా విలువ చూపేది మాత్రం సన్నివేశాలను పట్టికగా చూపే ఔట్‌లైనర్‌లో. నవలల్లో తరచుగా జరిగే తప్పు, మూడో అధ్యాయంలో ఇల్లు కోల్పోయిన మనిషి ఎనిమిదో అధ్యాయంలో ఏమీ జరగనట్టు తిరగడం. రాస్తున్నప్పుడు ఇది కనబడదు, ఆ రెండు అధ్యాయాల మధ్య నెలలు గడిచిపోయి ఉంటాయి కాబట్టి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ‘కస్టమ్ మెటాడేటా’కి (సన్నివేశానికి మనం తగిలించుకునే అదనపు వివరాలకు) వెళ్లి రెండు గడులు చేర్చండి. ఒకటి జాబితా రకం, పేరు ‘నియమం’, విలువలు నాలుగు: పాటించాడు, పాటించి నష్టపోయాడు, తప్పాడు, మార్చుకున్నాడు. రెండోది మామూలు పాఠ్యం రకం, పేరు ‘ఆనవాలు’, ఆ సన్నివేశంలో కష్టం తాలూకు గుర్తు ఎక్కడ కనిపించిందో నాలుగు మాటల్లో. రెండింటినీ ఔట్‌లైనర్‌లో కాలమ్‌లుగా తెరిస్తే నవల మొత్తం ఒక పట్టికలో నిలబడుతుంది. ‘ఆనవాలు’ వరుసగా ఐదారు సన్నివేశాల్లో ఖాళీగా ఉంటే అక్కడ పాత్ర తన గతాన్ని మరిచిపోయింది. ప్రతి వరుసలోనూ నిండి ఉంటే పాఠకుడి చెవిలో అదే పనిగా ఊదుతున్నారు. మొదటి కాలమ్ అంతా ‘పాటించాడు’ అనే ఉండి ఆఖర్లో ఒక్కసారిగా ‘మార్చుకున్నాడు’ అని వస్తే, మధ్యలో కనీసం ఒకసారి నష్టపోవడం, ఒకసారి తప్పడం రాయాల్సి ఉంది. నియమం ఊరికే మారదు, దానికి వెల చెల్లించాలి.

ఒకరికంటే ఎక్కువమంది ముఖ్య పాత్రలుంటే ఈ కాలమ్‌లతో గందరగోళమవుతుంది, ఒకే గడిలో ఇద్దరి సంగతులు పట్టవు. అప్పుడు ఒక్కో పాత్రకు ఒక్కో కీవర్డ్ పెట్టి, దాన్ని వెతికిన ఫలితాన్ని కలెక్షన్‌గా, అంటే ఒక విడి జాబితాగా, భద్రపరచడం మంచిది. ఆ పాత్ర ఉన్న సన్నివేశాలే వరుసగా చదువుకోవచ్చు, కొత్త సన్నివేశానికి కీవర్డ్ తగిలించగానే అదీ అందులో చేరుతుంది. తిరగరాసే ముందు ప్రతి సన్నివేశానికీ ‘స్నాప్‌షాట్’ (అప్పటి రూపానికి ఒక నకలు) తీసుకోండి. కష్టాన్ని తగ్గించి రాసిన రూపమే చాలాసార్లు బాగుంటుంది, కానీ పోల్చి చూడందే తెలియదు.

లోపాలు లేకపోలేదు. పాత్ర పత్రానికీ మెటాడేటా గడులకూ సంబంధం లేదు. పత్రంలో నియమం మార్చితే సన్నివేశాల కాలమ్‌లను చేత్తో సరిచూసుకోవాలి. కథ జరిగిన క్రమం వేరు, చెప్పిన క్రమం వేరు అయిన నవలల్లో కాలరేఖ గీసి చూపే సౌకర్యం లోపల లేదు. పాత్ర వయసును ఒక గడిగా పెట్టుకుని గడపాల్సిందే. మెనూలు ఎక్కువ, మొదటి వారం వెతుకులాటకే పోతుంది. ఒకరిద్దరు మనుషులున్న చిన్న కథకు ఇదంతా అనవసరం, పైన చెప్పిన ఏడు గడులూ నోటుబుక్కులో రాసుకుంటే సరిపోతుంది. నలుగురైదుగురు ముఖ్య పాత్రలు, వాళ్ల వెనక ఏళ్ల తరబడి గతం ఉన్న నవలకైతే నిస్సందేహంగా తీసుకోవచ్చు.

ఉచిత ప్రయోగానికి 30 రోజులిస్తారు, అదీ తెరిచిన రోజులనే లెక్కపెడతారు. దాన్ని ఖాళీ పేజీ మీద ఖర్చు చేయొద్దు. మొదటి డ్రాఫ్ట్ ఎందులో రాసినా దాన్ని ఇందులోకి దిగుమతి చేసి, సన్నివేశాలుగా విడగొట్టి, ఒక్క పాత్రకు పత్రం, రెండు కాలమ్‌లు పెట్టి చూడండి. పట్టిక నిండేసరికి ఏ సన్నివేశాలు మళ్లీ రాయాలో తెలిసిపోతుంది, కొనాలో వద్దో కూడా.