ఏడేళ్లు బ్లూ టేప్ వాడాక: ఊడాల్సింది ఊడదు, ఊడకూడనిది ఊడుతుంది

ఈ సమీక్ష ఒక టేప్ గురించి. సిలికాన్ వేఫర్లను (చిప్‌లు తయారుచేసే పలచటి పలకలను) ముక్కలుగా కోసేటప్పుడు కదలకుండా పట్టుకోవడానికి, వాటి మీద గీతలు పడకుండా కప్పి ఉంచడానికి ఫ్యాక్టరీల్లో వాడే నీలం రంగు పీవీసీ టేప్ ఇది. మా ల్యాబుల్లో బ్లూ టేప్ అంటాం. పీహెచ్‌డీలో ఐదేళ్లు, ఆ తర్వాత ఇంకో రెండేళ్లు వాడాను. ఎన్ని రోల్స్ అవగొట్టానో లెక్క పెట్టలేదు. కంపెనీ పేరు రాయడం లేదు. రెండు మూడు కంపెనీలవి వాడాను, వాటి మధ్య తేడా ఉంది గానీ ఇక్కడ చెప్పబోయే సంగతులు అన్నిటికీ వర్తిస్తాయి.

దీంతో నేను చేసిన పనులు రెండు. పొరలు పొరలుగా ఉండే స్ఫటికం నుంచి ఒక్క పొరను ఊడదీయడం మొదటిది. చిప్ మీద వేసిన లోహపు పూత గట్టిగా అంటుకుందో లేదో పీకి చూడటం రెండోది. మొదటిదాంట్లో ఊడకపోతే ఏడుపు, రెండోదాంట్లో ఊడితే ఏడుపు. మొదటి పనికి ఈ టేప్ కొనుక్కోమనే చెప్తాను. రెండో పనికి వద్దు. ఎందుకు వద్దో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఒక కాన్ఫరెన్స్ కూడా పోయింది.

ముందు మొదటి పని. 2004లో మాంచెస్టర్ యూనివర్సిటీలో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్, వాళ్ల బృందం మామూలు అంటించే టేపుతో గ్రాఫైట్ నుంచి ఒకే పరమాణువు మందం ఉన్న పొరను (దీన్నే గ్రాఫీన్ అంటాం) తీసి, దాని విద్యుత్ గుణాలు కొలిచి చూపించారు. 2010లో ఆ ఇద్దరికీ ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఈ కథ విన్నప్పటి నుంచి మా ఇంట్లో వాళ్లు "టేప్ పీకితే నోబెల్ ఇచ్చారంటగా, నువ్వూ అదేగా పీకేది" అంటారు. అదే పీకుతున్నాను. గ్రాఫైట్‌లో ఒక్కో పొర లోపల కార్బన్ పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. పొరకీ పొరకీ మధ్య దూరం 0.335 నానోమీటర్లు, అక్కడ ఉండేది వాండర్‌వాల్స్ బలాలనే బలహీనమైన పట్టు. ఊడటం తేలికే. పెన్సిల్‌తో రాసిన ప్రతిసారీ ఊడుతూనే ఉంటుంది. చిరగకుండా, పెద్దదిగా, ఒక్కటే ఊడటం కష్టం. పూతరేకు మడత విప్పి పొర చెదరకుండా పళ్లెంలో పరవమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

మొదట్లో నాకిచ్చింది స్టేషనరీ షాపు టేపే. దాని జిగురు గట్టిది. పొరలు బాగా వస్తాయి, వాటితో పాటు జిగురు కూడా బాగానే వస్తుంది. మైక్రోస్కోపు కింద గ్రాఫీన్ ఏదో, జిగురు మరక ఏదో తెలియక మొదటి మూడు నెలలు నేను జిగురుకి ఫొటోలు తీశాను. గ్రూప్ మీటింగులో ఎంతో ఉత్సాహంగా చూపించిన ఒక "సింగిల్ లేయర్"ను రామన్ యంత్రం (లేజర్ వెలుగు చెదిరే తీరుని బట్టి పదార్థాన్ని గుర్తుపట్టేది) కింద పెడితే, గ్రాఫీన్‌కి 1580 దగ్గరా 2700 దగ్గరా రావాల్సిన శిఖరాలు రెండూ లేవు. ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

బ్లూ టేప్ గొప్పతనం అక్కడే తెలిసింది. దీని జిగురు తక్కువ. వేఫర్ మీంచి తీసినా మరక మిగలకూడదని చేసిన టేప్ కాబట్టి చిప్ శుభ్రంగా ఉంటుంది. ఉచితంగా మాత్రం రాదు ఈ శుభ్రం. పట్టు తక్కువ కాబట్టి ఒక్కో చిప్ మీద దొరికే పొరలు కూడా తక్కువే. మొదటి నెల ఇదేం టేపురా అనుకున్నాను. తర్వాత అర్థమైంది, నా పద్ధతే బాలేదని.

స్ఫటికం ముక్కను టేప్ మీద పెట్టి, మడిచి, విప్పి, పక్కన మళ్లీ మడిచి విప్పుతాం. మెరుపు పోయి టేపంతా బూడిద రంగు వచ్చేదాకా చెయ్యమని చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. అంతదాకా పోతే ప్రతి మడతకీ పొర పలచబడే దానికంటే ముక్కలయ్యేదే ఎక్కువ. ఐదారు మడతలు చాలు, కాస్త మెరుపు మిగలాలి. ఆ మొదటి టేపును మదర్ టేప్ అంటాం. దాన్ని చిప్‌కి తగలనివ్వం. దాని మీంచి ఇంకో టేప్ ముక్క మీదకి ఒక కాపీ తీసి, ఆ కాపీనే నొక్కుతాం. ఒక మంచి మదర్ టేప్ నాకు నెల వచ్చింది. జూనియర్ ఒకడు "అక్కా, అది చెత్తబుట్టలో వేశా, వాడేసిందనుకున్నా" అన్న రోజు నేనేమన్నానో ఇక్కడ రాయను.

అసలు మార్పు తెచ్చింది మాత్రం టేప్ బయట చేసిన రెండు పనులు. చిప్‌ను ఆక్సిజన్ ప్లాస్మాలో (విద్యుత్తుతో అయాన్లుగా మార్చిన ఆక్సిజన్‌లో) పెట్టి ఉపరితలం మీద పేరుకున్న మకిలి పోగొట్టి, వెంటనే టేప్ నొక్కడం ఒకటి. నొక్కాక టేపుతో సహా హాట్‌ప్లేట్ మీద 100 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లారాక తీయడం ఇంకొకటి. పొరకీ చిప్‌కీ మధ్య చిక్కుకున్న గాలి వేడికి బయటికి పోతుంది, పొర చిప్‌ని పూర్తిగా తాకుతుంది. 2015లో ఈ పద్ధతి ప్రచురణకి వచ్చాక చాలా ల్యాబులు దీనికి మారాయి. అంతకుముందు నాకు పది మైక్రాన్ల ముక్క దొరికితే పండగ. ఇప్పుడు యాభై మైక్రాన్లు దాటినవి తరచుగా దొరుకుతున్నాయి. ఒక చిక్కు ఉంది. వేడి చేస్తే బ్లూ టేప్ కూడా జిగురు వదులుతుంది. రెండు నిమిషాలను ఐదు చేస్తే స్టేషనరీ టేపుకీ దీనికీ తేడా ఉండదు. ఆ మరకలకి రాత్రంతా అసిటోన్‌లో నానబెట్టినా కొంతే పోతుంది.

తీసే వేగం గురించి ఎంత చెప్పినా తక్కువే. జిగురు గుణమేమిటంటే, వేగంగా లాగితే గట్టిగా పట్టుకుంటుంది, నెమ్మదిగా లాగితే వదిలేస్తుంది. చిప్ మీద పొర మిగలాలంటే టేపును వెనక్కి మడిచి, ఒక నిమిషం పైగా తీసుకుని, ఊపిరి బిగబట్టి లాగాలి. సిలికోన్ రబ్బరు స్టాంపుతో పొరల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చేవాళ్లు పూర్తిగా ఈ గుణం మీదే బతుకుతారు. చటుక్కున లాగితే స్టాంప్ పొరను ఎత్తుకుంటుంది, మెల్లగా లాగితే దింపుతుంది.

దొరికిందా లేదా అని వెతకడానికి పైన 300 నానోమీటర్ల సిలికాన్ ఆక్సైడ్ పొర ఉన్న సిలికాన్ చిప్ కావాలి. దాని మీద ఒక్క పొర కూడా లేత ఊదా రంగులో కంటికి కనిపిస్తుంది. ఆ మందం కాస్త అటూ ఇటూ అయితే ఆట ముగిసినట్టే. 315 నానోమీటర్లున్నా గ్రాఫీన్ దాదాపు మాయమవుతుంది. ఒక సరఫరాదారు పంపిన బ్యాచ్‌లో మందం తేడా వచ్చి, రెండు వారాలు టేపును తిట్టుకుంటూ కూర్చున్నాను. ఎలిప్సోమీటర్‌లో (పలచటి పొరల మందం కొలిచే పరికరం) కొలిచాకే టేపుకి క్షమాపణ చెప్పాను.

గ్రాఫైట్ లాగే పొరలుగా ఉండే మాలిబ్డినం డైసల్ఫైడ్‌కీ ఇదే టేప్ బాగుంటుంది. ఆ పదార్థం ఒక్క పొర అయ్యేసరికి వెలుగు బాగా వెదజల్లుతుంది కాబట్టి వెతకడం సరదాగా కూడా ఉంటుంది. బ్లాక్ ఫాస్ఫరస్ అనే ఇంకో పొరల స్ఫటికం అయితే గాలి చొరబడని గ్లోవ్‌బాక్స్ బయట మొదలుపెట్టకండి. ఊడదీసేది మనం, తినేది గాలి.

మా ల్యాబులో ఒక పెద్దాయన టెక్నీషియన్‌గా ఉండేవారు, గూడూరు వైపు ఆయన. ఆ చుట్టుపక్కల అభ్రకం గనులున్నాయి. చిన్నప్పుడు వాళ్లమ్మ కత్తితో కాకిబంగారం పొరలు చీల్చే పనికి పోయేదట. ఏఎఫ్ఎంలో (ఉపరితలాన్ని సన్నటి మొనతో తడిమి చూసే మైక్రోస్కోపు) పెట్టడానికి మేం కూడా అభ్రకాన్ని టేపుతో చీల్చి తాజా ముఖం బయటికి తీస్తాం. నేను పీకే తీరు చూసి ఆయన ఒకరోజు "బలం పెట్టమాక పాపా, మూల తెరిచి ఊపిరి పొయ్యి, అదే వస్తది" అన్నారు. సూదితో మూల లేపి, నోటితో మెల్లగా ఊది చూపించారు. అభ్రకం అద్దంలా విడిపోయింది. అదే గ్రాఫైట్ మీద చేస్తే ఏమీ కాలేదు, ఆయన తల గోక్కున్నారు.

ఆ ఊపిరి సంగతి నాకు తర్వాత చదువులో దొరికింది. 1930లోనే ఓబ్రైమోఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త అభ్రకాన్ని గాలిలోనూ, వాక్యూమ్‌లోనూ చీల్చి చూశాడు. వాక్యూమ్‌లో చీల్చడానికి చాలా రెట్లు ఎక్కువ శక్తి కావాల్సి వచ్చింది. అభ్రకం పొరల మధ్య పొటాషియం అయాన్లు ఉంటాయి. చీలిక మొనలోకి గాలిలోని తేమ దూరి అక్కడి బంధాలను బలహీనం చేస్తుంది. గ్రాఫైట్ పొరల మధ్య అలాంటి అయాన్లు లేవు, అందుకే అక్కడ ఊపిరి పారలేదు. ఈ తేమే రెండో పనిలో నా కొంప ముంచింది.

రెండో పనికి వద్దాం. గాజు మీదా, సిలికాన్ ఆక్సైడ్ మీదా బంగారం నిలవదు. అది ఆక్సిజన్‌తో కలవదు కాబట్టి కింద ఉన్న ఆక్సైడ్‌తో సంబంధం కుదరదు. అందుకే ముందు ఐదు నానోమీటర్ల క్రోమియమో టైటానియమో వేసి, వాక్యూమ్ తెరవకుండా దాని మీద బంగారం వేస్తాం. మధ్యలో తెరిస్తే క్రోమియం తుప్పు పడుతుంది, బంగారానికి మళ్లీ ఆక్సైడే ఎదురవుతుంది. ఇవన్నీ సరిగ్గా చేశామో లేదో చూడటానికి బ్లూ టేప్ అంటించి పీకేదాన్ని. ఎప్పుడు పీకినా పూత చెక్కుచెదరలేదు. పాస్, పాస్, పాస్ అని నోట్‌బుక్కులో రాసుకున్నాను.

తర్వాత వైర్ బాండింగ్ (చిప్ మీది లోహపు ప్యాడ్లకి సన్నటి తీగలు అతికించడం) చేస్తుంటే ప్యాడ్లకు ప్యాడ్లే తీగతో పాటు లేచి వచ్చాయి. కాన్ఫరెన్స్‌కి పది రోజులుంది. టెన్షన్‌లో పూత వేసే పరికరం మొత్తాన్నీ అనుమానించాను, అందులో వేసే లోహం మార్చాను, పంపులు సర్వీస్ చేయించాను. అసలు కారణం నా చేతిలోనే ఉంది. బ్లూ టేప్ పట్టు ఎంత బలహీనమంటే, దాంతో పీకి చూస్తే చెత్త పూత కూడా పాసైపోతుంది. పరీక్ష రాసేవాడు గొప్పవాడని కాదు, పేపరే తేలిక. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన డీ3359 పద్ధతిలో పూత మీద బ్లేడుతో గడులు గీసి, నిర్దేశించిన పట్టు ఉన్న టేప్ అంటించి, 90 సెకన్లకు అటూ ఇటూ 30 సెకన్ల లోపు, దాదాపు 180 డిగ్రీల కోణంలో వెనక్కి మడిచి పీకాలి. ఏమీ ఊడకపోతే 5బీ, బాగా ఊడితే 0బీ. అసలు పెయింట్ల లాంటి పూతల కోసం పెట్టుకున్న పరీక్ష అది. ఆ టేపుతో నా పాత చిప్‌లు మళ్లీ పీకితే బంగారమంతా టేప్ మీదకే వచ్చేసింది.

ఆ గట్టి టేప్ మీద కూడా పూర్తిగా నమ్మకం పెట్టుకోవద్దని మాలిబ్డినం పూత నేర్పింది. తక్కువ ఆర్గాన్ ఒత్తిడి దగ్గర స్పటరింగ్ (అయాన్లతో కొట్టి లోహపు పరమాణువులను చిప్ మీదకి ఎగరగొట్టడం) చేసిన పూత లోపల నొక్కుడు ఒత్తిడి ఉంటుంది. పూత సాగాలని చూస్తుంది, చిప్ సాగనివ్వదు. ఊడగొట్టే శక్తి మందంతో పాటు పెరుగుతుంది, ఒత్తిడి వర్గంతో పెరుగుతుంది. నా దగ్గర 100 నానోమీటర్ల పూతలు బాగున్నాయి. అదే రెసిపీతో 400 వేశాను. టేప్ పరీక్షలో 5బీ వచ్చింది. జూన్‌లో మొదటి వాన పడిన రాత్రి ఏసీ ఆగిపోయింది. పొద్దున వచ్చి చూస్తే అంచు నుంచి లోపలికి పాత ల్యాండ్‌లైన్ ఫోన్ తీగలా మెలికలు తిరిగిన బొబ్బలు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుండగానే ఒకటి మెల్లగా ముందుకు పాకింది. భయమేసింది, అందంగా కూడా ఉంది. గూడూరు పెద్దాయన ఊపిరి గుర్తొచ్చింది. ఆ రాత్రి ల్యాబంతా నా పూత అంచుల మీద ఊపిరి పోసింది. టేప్ పరీక్ష ఆ నిమిషం సంగతి చెప్తుంది, వాన వచ్చే రాత్రి సంగతి చెప్పదు. ఇప్పుడు పూతకి ముందూ తర్వాతా వేఫర్ ఎంత వంగిందో కొలిచి ఒత్తిడి లెక్క వేస్తాను. 1909లో స్టోనీ ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ దానికి ఆధారం.

ఒక చోట మాత్రం బంగారం నిలవకపోవడమే వరం. తాజాగా చీల్చిన అభ్రకం మీద బంగారం వేసి, పైన జిగురుతో గాజు ముక్క అంటించి, ఆరాక లాగితే బంగారం అభ్రకాన్ని వదిలి గాజుతో వచ్చేస్తుంది. అభ్రకాన్ని తాకిన ముఖం ఎంత నునుపుగా ఉంటుందంటే ఏఎఫ్ఎంలో పరమాణువు మెట్లు కూడా కనిపిస్తాయి. ఆ బంగారం మీద వెంటనే మాలిబ్డినం డైసల్ఫైడ్ స్ఫటికం నొక్కితే, అడుగు పొరకి పైపొర మీద కంటే బంగారం మీదే మక్కువ ఎక్కువై, చాలా పెద్ద ఒంటి పొర అక్కడే ఉండిపోతుంది. "వెంటనే" అంటే నిమిషాల్లో. గాలి మకిలి పట్టాక బంగారం మళ్లీ మామూలే. ఇక్కడ స్ఫటికాన్ని పట్టుకోవడానికి బ్లూ టేపే వాడతాను.

కొనేవాళ్లకి చివరగా రెండు మాటలు. ఒక్క రోల్ అమ్మమంటే అమ్మరు, పక్క ల్యాబుతో కలిసి కొనుక్కోండి. ఏసీ లేని స్టోరులో ఎండాకాలం పెట్టకండి, నాకు ఒక మే నెలలో రోల్ అంతా చేతికే అంటుకునేలా తయారైంది. పొరలు తీసే పనికి పదికి ఎనిమిది ఇస్తాను, పూత పరీక్షకి సున్నా. నిన్ననే కొత్త రోల్ తెరిచాను. బయటి రెండు చుట్ల మీద దుమ్ము ఉంటుంది, అవి చింపి పారేశాకే పని మొదలుపెట్టాను.