రెటినోస్కోపీ సాధనకు మోడల్ ఐ: కొన్నేళ్లు వాడాక

రెటినోస్కోపీలో, అంటే కంట్లోకి వెలుగు పంపి అది తిరిగొచ్చే తీరును బట్టి కళ్లజోడు పవర్ తేల్చడంలో, చెయ్యి తిరగడానికి మోడల్ ఐ (సాధన కోసం చేసిన బొమ్మ కన్ను) కన్నా చవకైన దారి నాకు దొరకలేదు. అలాగని ఇదొక్కటే చాలనుకున్నవాళ్లు పిల్లల ఓపీలో తెల్లమొహం వేస్తారు. రెండు మాటలూ నిజమే.

మాది ఒక జిల్లా కేంద్రంలోని కంటి ఆసుపత్రి. ఎవరొచ్చినా ముందు ఆటోరెఫ్ (పవర్‌ను తనంతట తానే కొలిచే యంత్రం) దగ్గర కూర్చోబెడతాం. స్లిప్ వస్తుంది, ఆ అంకెలు ట్రయల్ ఫ్రేములో వేసి చార్టు చదివిస్తాం, చాలామందికి అంతటితో పని అయిపోతుంది. చిక్కు మిగిలినవాళ్లతోనే. యంత్రంలోని బొమ్మను చూస్తూ పిల్లలు అకామడేట్ చేస్తారు (దగ్గరి వస్తువును చూస్తున్నట్టు ఫోకస్ బిగిస్తారు), మైనస్ ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. శుక్లం ముదిరిన తాతగారికైతే స్లిప్ మీద ఎర్రర్ తప్ప అంకె రాదు. అప్పుడు జేబులోంచి రెటినోస్కోపు తీయాల్సిందే. కానీ ఆటోరెఫ్ వచ్చాక దాన్ని రోజూ తీసేవాళ్లెవరు?

కోర్సులకు కొదవ లేదు. కంటి వైద్య స్వచ్ఛంద సంస్థ ఆర్బిస్ వాళ్ల సైబర్‌సైట్ అనే ఆన్‌లైన్ వేదికలో పాఠాలు ఉచితం, థియరీ చక్కగా చెబుతారు, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో ఆప్టోమెట్రీ (కళ్లు పరీక్షించి కళ్లజోడు రాసే మా వృత్తి) చేరింది కాబట్టి సర్టిఫికెట్ల మీద మావాళ్లకు శ్రద్ధ ఎక్కువే. వద్దనను. కానీ విత్ మూవ్‌మెంట్ (స్కోపు వెలుగు కదిలిన వైపుకే కంట్లోని మెరుపూ కదలడం) వేగం పెరుగుతూ పెరుగుతూ ప్యూపిల్ (కంటిపాప) ఒక్కసారిగా నిండిపోయే ఆ క్షణాన్ని (న్యూట్రల్ అంటాం దాన్ని) వీడియోలో ఎన్నిసార్లు చూసినా చేతికి అబ్బదు. మోడల్ ఐ కొనిపించింది ఆ వెలితే.

వస్తువు చాలా సాదా. ఒకదాంట్లో ఒకటి జారే రెండు గొట్టాలు, ముందు ఒక ప్లస్ లెన్సు, వెనక రెటీనా బొమ్మ, పక్కన డయాప్టర్ల (లెన్సు పవర్ కొలత) స్కేలు. ముందువైపు ట్రయల్ లెన్సు పెట్టుకునే గాడి, చుట్టూ యాక్సిస్ (సిలిండర్ లెన్సు ఉంచే కోణం) డిగ్రీలు. గొట్టం లోపలికి నెడితే హైపరోపియా (ప్లస్ పవర్), బయటికి లాగితే మయోపియా (మైనస్ పవర్). ఇంట్లో కూడా చేసుకోవచ్చు: +20 లెన్సుకు 5 సెంటీమీటర్ల వెనక కాగితం అతికిస్తే ఎమ్మెట్రోపిక్ (పవర్ లేని) కన్ను తయారు. అయితే అందులో కాగితం ఒక్క మిల్లీమీటరు జరిగినా పవర్ దాదాపు 0.40 మారిపోతుంది. నేను కొన్నదానికే మొగ్గడానికి కారణం ఇదే, అట్టతో చేసినదానికి ఆ నిలకడ రాదు.

దీనివల్ల నాకు బాగుపడింది అన్నిటికన్నా ముందు వర్కింగ్ డిస్టెన్స్, అంటే స్కోపుకూ కంటికీ మధ్య దూరం. 67 సెంటీమీటర్ల దగ్గర చూస్తే తేలిన పవర్‌లోంచి 1.50 తీసేయాలి, 50 దగ్గర చూస్తే 2.00. ఓపీ రద్దీలో మెడ ముందుకు వంగుతూనే ఉంటుంది, 1.50 తీయడం మాత్రం అలవాటుగా జరిగిపోతుంది. అంటే అర డయాప్టర్ తేడాతో కళ్లజోడు రాసినట్టే. స్కోపు పిడికి 67 దగ్గర ముడి వేసిన దారం కట్టి, రెండో కొస మోడల్‌కు తగిలించి సాధన చేస్తే ఆ దూరం భుజానికి గుర్తుండిపోతుంది.

తర్వాత యాక్సిస్. మా జూనియర్ అమ్మాయి గాడిలో సిలిండర్ లెన్సు (ఒక దిశలోనే పవర్ ఉండేది) పెట్టి, డిగ్రీలు కనపడకుండా కాగితం చుట్టి, "చెప్పండి మేడమ్, ఎంత పెట్టానో" అంటుంది. నేను పెడితే తను చెప్పాలి. మధ్యాహ్నం ఓపీ పలచబడ్డాక ఆడే ఈ ఆటతోనే స్ట్రీక్‌ను (స్కోపు వెలుగు గీతను) యాక్సిస్‌కు అటు 45, ఇటు 45 డిగ్రీలు తిప్పి వెడల్పు పోల్చడం మా ఇద్దరికీ సహజమైపోయింది. జవాబు తప్పో ఒప్పో అక్కడికక్కడే తేలుతుంది, పేషెంటు మీద చేస్తే ఈ సౌకర్యం ఉండదు. ప్లెయిన్ లెన్సు మీద పారదర్శకమైన టేపు ముక్క అంటించి గాడిలో పెడితే రిఫ్లెక్స్ (కంట్లోంచి తిరిగొచ్చే మెరుపు) మసకబారుతుంది. శుక్లం కళ్లకు అదో మోస్తరు రిహార్సల్.

ఇక ఇది నేర్పనివి. మోడల్ కన్ను కదలదు, అకామడేట్ చేయదు, ఏడవదు. మూడేళ్ల పిల్లాడు అమ్మ ఒళ్లో అటూ ఇటూ మెలికలు తిరుగుతుంటే ఆఫ్ యాక్సిస్‌లో (నేరుగా కాక పక్కనుంచి) దొరికిన అరక్షణం రిఫ్లెక్స్‌ను ఎంత నమ్మాలన్నది దీనికి తెలియదు. సైక్లోపెంటొలేట్ (అకామడేట్ చేయకుండా ఆపే చుక్కల మందు) వేశాక ప్యూపిల్ పెద్దదై, మధ్యలో ఒక కదలిక, అంచుల్లో ఇంకో కదలిక కనిపిస్తుంది. మధ్యభాగాన్నే పట్టుకోవాలని తెలిసేది నిజమైన కళ్ల మీదే. కెరటోకోనస్ (కార్నియా శంకువులా ఉబ్బే జబ్బు) సిజర్ రిఫ్లెక్స్, అంటే కత్తెరలా తెరుచుకుని మూసుకునే మెరుపు, ఈ మోడల్‌లో అసలు రాదు. కళ్లు తెగ నలిపే కుర్రాళ్లలో టోపోగ్రఫీకి (కార్నియా ఆకారాన్ని కొలిచే పరీక్షకు) పంపకముందే దాన్ని పసిగట్టే అవకాశం ఉన్న పరికరం రెటినోస్కోపు, దాని సాధనకేమో ఈ బొమ్మ పనికిరాదు! అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆప్తాల్మాలజీ సైట్‌లో రెటినోస్కోపీ సిమ్యులేటర్ ఉంది, కొత్తవాళ్లకు విత్, అగైనెస్ట్ (ఎదురు దిశలో కదలిక) అర్థమవడానికి బాగుంటుంది. స్కోపు పట్టుకునే పని మాత్రం అందులో లేదు.

మన్నిక సంగతి. వాడగా వాడగా నాదాంట్లో గొట్టం వదులైంది, నిలబెట్టి పెడితే దానంతటదే జారుతోంది. స్కేలు సున్నా దగ్గర ఉన్నా న్యూట్రల్ మరోచోట వచ్చేది. సన్నటి టేపు ఒక చుట్టు వేశాక బిగిసింది. అప్పటినుంచి వారానికోసారి సున్నా దగ్గర పెట్టి, 67 సెంటీమీటర్ల నుంచి +1.50తో న్యూట్రల్ వస్తోందో లేదో చూసుకుంటున్నాను. లెన్సు వెనక దుమ్ము చేరితే రిఫ్లెక్స్‌లో మచ్చలు కనిపిస్తాయి, విప్పి తుడిచే వీలున్న మోడల్ అయితే మేలు.

కొనేముందు మీ ట్రయల్ సెట్‌లోంచి ఒక లెన్సు తీసుకెళ్లి గాడిలో పెట్టి చూడండి. 38 మిల్లీమీటర్ల రిమ్ బిగుతుగా కూర్చోవాలి, వదులుగా ఉంటే యాక్సిస్ తిరిగిపోతుంది. ప్యూపిల్ సైజు మార్చుకునే వీలు తప్పనిసరి. పెద్ద ప్యూపిల్ మీద మాత్రమే సాధన చేసినవాళ్లు అరవై దాటినవాళ్ల చిన్న ప్యూపిల్ ముందు తడబడతారు. రంగుల బాక్సు, చెక్క స్టాండు లాంటి హంగులకు అదనంగా అడిగితే ఇవ్వక్కర్లేదు. ఆ డబ్బుతో స్కోపుకు స్పేర్ బల్బు కొనుక్కోండి.