డెవిల్స్ హోల్ చేపకు ఏది మేలు: సొంత మడుగా, తొట్టా, పొరుగు జాతితో సంకరమా?

అమెరికాలోని నెవాడా ఎడారిలో, సున్నపురాతి గుహలో నిండిన డెవిల్స్ హోల్ అనే మడుగులో పప్‌ఫిష్ జాతి ఒకటి బతుకుతోంది. సహజంగా దానికి మరో నివాసం లేదు. అంగుళం పొడవున్న ఈ చేపలు మేతకైనా గుడ్లకైనా ఆధారపడేది సుమారు 5 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పున్న ఒక రాతి గట్టుపైనే. నీటి వేడి దాదాపు 33 డిగ్రీలు, అందులో ప్రాణవాయువు చాలా తక్కువ. 2013లో లెక్కకు దొరికినవి 35 చేపలే. 2022లో వెలువడిన జన్యు పరిశీలన ప్రకారం ఒక్కో చేపకు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జన్యుక్రమాలు సగటున 58 శాతం మేర ఒకటే. అంటే అన్నాచెల్లెళ్ల మధ్యే అయిదారు తరాలు సంతానం కలిగినంత దగ్గరితనం. మేనరికాల చిక్కులు తెలిసిన మనకు ఈ మాట తీవ్రత విడమరచనక్కరలేదు.

మడుగును దాని మానాన వదిలేయాలనే వాదనకు బలం ఉంది. 1976లో అమెరికా సుప్రీంకోర్టు చుట్టుపక్కల బోర్లకు హద్దు పెట్టి నీటిమట్టాన్ని కాపాడింది. కానీ కోర్టు తీర్పు భూకంపాన్ని ఆపలేదు. 2024 వసంతంలో 191కి చేరిన చేపలు, భూకంపాలకు నీళ్లు ఎగసి గట్టుమీది నాచునూ గుడ్లనూ ఊడ్చేయడంతో, 2025 వసంతానికి 38కి పడిపోయాయి. ఇంతగా కుంగిన ప్రతిసారీ కొన్ని జన్యు రూపాలు కేవలం యాదృచ్ఛికంగా రాలిపోతాయి, తిరిగి రావు.

పొరుగు జాతితో సంకరం చేస్తే వైవిధ్యం వెంటనే పెరుగుతుంది. పాయింట్ ఆఫ్ రాక్స్ అనే ఆశ్రయ తొట్టిలో ఇది అనుకోకుండానే జరిగింది: పక్క ఊటల్లోని పప్‌ఫిష్ కొన్ని చొరబడ్డాయి, వాటి జన్యువులు పాకిపోయాయి. అక్కడి చేపలు ఆ తర్వాత డెవిల్స్ హోల్ జాతిగా పనికిరాలేదు. వేడికీ ఊపిరాడని నీటికీ అలవాటుపడిన శరీరాన్ని కాపాడాలనుకుంటే, మందు రోగిని మార్చేసినట్టే. చేయి దాటిపోయినప్పుడు తప్ప ఇటు వెళ్లకూడదని నా అభిప్రాయం.

మిగిలింది మడుగు పక్కనున్న యాష్ మెడోస్ అనే వన్యప్రాణి ఆశ్రయ ప్రాంతంలో గట్టునూ, వెలుగునూ అనుకరిస్తూ కట్టిన పెద్ద తొట్టి. మడుగు నుంచి తెచ్చిన గుడ్లతో మొదలైన ఈ కాపుదలే 2025లో అక్కరకొచ్చి, 19 చేపలను తిరిగి మడుగులోకి పంపగలిగింది. దీనికీ లోపం ఉంది. తొట్టి నీరు మడుగుకంటే కాస్త చల్లన, ప్రాణవాయువు ఎక్కువ. ఆ సుఖంలో బతికిన వంశం తరాలు గడిచేకొద్దీ తొట్టికే తగినదవుతుంది. అయినా మూడింటిలో నేను ఎంచుకునేది ఇదే, అదీ మడుగు నుంచి కొత్త గుడ్లు ఎప్పటికప్పుడు తొట్టికి చేరుతున్నంత కాలమే.