క్యాప్సికం వడలిపోతుంటే ఏ పరీక్ష మేలు: పీసీఆరా, ల్యాంపా?

పలమనేరు, కుప్పం వైపు పాలీహౌస్‌లలో నిన్నటిదాకా పచ్చగా నిలబడ్డ క్యాప్సికం మధ్యాహ్నానికి తల వాల్చేసిందంటే రైతుకి టెన్షన్ మొదలైనట్టే. మందుల షాపుకెళ్తే రెండు మూడు మందులు కలిపి మొదళ్లలో పోయమంటారు. డబ్బు పోయేది అక్కడే. పైకి ఒకేలా కనిపించే ఆ వడలుడు వెనక ఫైటోఫ్తొరా అనే బూజులాంటి క్రిమి ఉండొచ్చు, ఫ్యుజేరియం అనే ఫంగస్ ఉండొచ్చు, రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు. మెటలాక్సిల్ అనే బూజుమందు ఫైటోఫ్తొరా మీద పనిచేస్తుంది, ఫ్యుజేరియం మీద చేయదు. బ్యాక్టీరియాకైతే ఈ బూజుమందులన్నీ దండగే.

కాబట్టి ముందు ఖర్చు లేని పరీక్ష చేయండి. వడలిన మొక్క కాండాన్ని నేలకి దగ్గరగా కోసి, ఆ ముక్క కొస గాజుగ్లాసులోని నీళ్లలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి దారాలు కిందికి దిగితే అది బ్యాక్టీరియానే. దిగకపోతే ల్యాబు సంగతి ఆలోచించాలి.

ల్యాబులో ఫంగస్‌ను పెంచి చూసే పాత పద్ధతికి దాదాపు వారం పడుతుంది. బతికున్న ఫంగస్ చేతికొస్తుంది గానీ, అంతలో తెగులు బెడ్డంతా పాకుతుంది.

తెగులు క్రిమి డీఎన్ఏను ఎన్నో రెట్లు పెంచి గుర్తుపట్టే పరీక్ష పీసీఆర్. ఇందులో ఒకే రోజులో తేలుతుంది. అయితే డీఎన్ఏను 95 డిగ్రీల దాకా వేడిచేసి, చల్లార్చి, మళ్లీ 72కి తెచ్చే పనిని ముప్పై సార్లకు పైగా తిప్పే యంత్రం కావాలి. దాని ముందు డీఎన్ఏను శుభ్రంగా తీయాలి, ఆకు రసంలోని పదార్థాలు అడ్డుపడతాయి. ఇలాగే డీఎన్ఏను పెంచి చూసే మరో పరీక్ష, 2000లో జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించిన ల్యాంప్‌కి 60-65 డిగ్రీల ఒకే వేడి చాలు. గంటలో ట్యూబులో రంగు మారుతుంది. రైతుల సంఘం ఒక చిన్న గదిలో పెట్టుకోగలిగిన పద్ధతి ఇదే. ఎండలో బస్సెక్కి తిరుపతి ల్యాబుకి చేరేసరికి నమూనా కుళ్లిపోయే బాధా తప్పుతుంది. అందుకే నా ఓటు ల్యాంప్‌కే.

దాని లోపం మాత్రం గట్టిది. పరీక్ష అయ్యాక ట్యూబు మూత తీస్తే అందులో పెరిగిన డీఎన్ఏ గదంతా చేరి, ఆ తర్వాత ప్రతి మొక్కకూ తెగులున్నట్టే చూపిస్తుంది. మూత తీయకూడదు, అంతే.

ఏ పరీక్షయినా నమూనా సరిగ్గా ఉంటేనే. పూర్తిగా చచ్చిన మొక్క వద్దు. మొదలు దగ్గర గోధుమరంగు, పచ్చటి భాగం కలిసే చోట ముక్క తీసి, ప్లాస్టిక్‌లో కాకుండా కాగితంలో చుట్టండి.

ఆకుల మీద బూడిద తెగులుకి ఇవేవీ అక్కర్లేదు, కంటికే తెలుస్తుంది. నర్సరీ నారుకి మాత్రం పీసీఆరే అడగండి. లక్షణాలు బయటపడకముందే తెగులు ఎంత మోతాదులో ఉందో రియల్‌టైమ్ పీసీఆర్ అంకెల్లో చూపిస్తుంది, ట్రే దిగకముందే నారు వెనక్కి పంపేయొచ్చు.